డాబా మీద 39 అడుగుల టెలిస్కోపిక్ మాస్ట్: ఏ పైపులో ఏ పైపు, ఎలా లేపాలి, ఎక్కడ బిగుసుకుంటుంది

మీరు అడిగింది ఇదీ: హైదరాబాద్ ఉప్పల్‌లో మూడంతస్తుల ఇల్లు, డాబా 30 అడుగులు బై 40 అడుగులు. హ్యామ్ రేడియోలో 40 మీటర్ల బ్యాండుకి ఇన్వర్టెడ్ వీ, అంటే తలకిందులైన వీ ఆకారపు తీగ ఆంటెన్నా కట్టాలి, దాని నెత్తిన రెండు మీటర్ల బ్యాండుకి చిన్న వర్టికల్, అంటే నిలువు ఆంటెన్నా పెట్టాలి. కావాల్సినప్పుడు లేపి, గాలివాన వచ్చే ముందు దించేసుకునే 39 అడుగుల మాస్ట్, అంటే ఆంటెన్నా నిలబెట్టే స్తంభం, సొంతంగా చేయించుకోవాలి. రెండించుల జీఐ (జింకు పూత వేసిన) పైపులో ఇంచున్నర, ఇంచున్నరలో ఇంచుంపావు దూర్చి చేతి విన్చితో (హ్యాండిల్ తిప్పితే డ్రమ్ముకి తాడు చుట్టి బరువు లేపేది) లేపుదామని మీ ఆలోచన.

ఎత్తు సరైనదే, విన్చి సరైనదే. పైపుల వరుస మాత్రం మార్చాలి. ఇలాంటి మాస్టులు పాడయ్యేది పైపు బలం చాలక కాదు, చాలావరకు పైపుకీ పైపుకీ మధ్య సందు లెక్క చూసుకోకపోవడం వల్ల.

పైపు దుకాణంలో ‘రెండించులు’ అంటే లోపలి రంధ్రానికి ఉన్న పేరు, కొలత కాదు. పైపుల భారత ప్రమాణం ఐఎస్ 1239 ప్రకారం బయటి వ్యాసాలు ఇలా ఉంటాయి: ఇంచు పైపు 33.7 మి.మీ., ఇంచుంపావు 42.4, ఇంచున్నర 48.3, రెండించులు 60.3, మూడించులు 88.9. నీలం పట్టీ ఉన్న బి క్లాసులో గోడ మందం ఇంచు నుంచి ఇంచున్నర దాకా 3.2 మి.మీ., రెండించులకి 3.6, మూడించులకి 4. ఇప్పుడు తీసివేత చేసి చూడండి. ఇంచున్నర లోపలి వ్యాసం 41.9 మి.మీ. వస్తుంది. ఇంచుంపావు బయటి వ్యాసం 42.4. అసలు దూరదు. ఇంకా పల్చని గోడ ఉన్న పసుపు పట్టీ ఎ క్లాసు తీసుకున్నా పదో వంతు మిల్లీమీటరు సందు మిగులుతుంది, లోపలి అతుకు దాన్నీ తినేస్తుంది. రెండించుల్లో ఇంచున్నర దూరుతుంది కానీ చుట్టూ 2.4 మి.మీ. సందే ఉంటుంది. లేపే వైర్ రోప్ 4 మి.మీ. అది ఎక్కడ నుంచి పోవాలి?

అందుకే కింద నుంచి వరసగా మొదటి పైపు మూడించులు, రెండోది రెండించులు, మూడోది ఇంచు తీసుకోండి. మధ్య సైజులు వదిలేయండి. మూడించుల లోపలి వ్యాసం 80.9, అందులో 60.3 కూర్చుంటే చుట్టూ 10.3 మి.మీ. సందు. రెండించుల లోపలి వ్యాసం 53.1, అందులో 33.7 కూర్చుంటే చుట్టూ 9.7. రోప్ హాయిగా నడుస్తుంది, గైడ్ రింగు పెట్టడానికి చోటూ ఉంటుంది. ‘అంత వదులైతే ఊగదా’ అనే అనుమానం వస్తుంది. ఊగకుండా ఆపాల్సింది పైపు గోడ కాదు, రింగులు. ఆ సంగతి కింద చెప్తాను.

పైపులు 6 మీటర్ల పొడవులో వస్తాయి. ఒక్కోదాన్ని 15 అడుగులకి కోయించండి. మూడు పైపులు, ప్రతి జాయింటులో 3 అడుగులు లోపలే ఉండాలి. 15కి 12, మళ్లీ 12 కలిపితే 39 అడుగులు. ఆ 3 అడుగుల్లో బేరం వద్దు. అడుగున్నరకి తగ్గిస్తే 42 వస్తుంది కదా అనిపిస్తుంది కానీ పట్టు సగమైతే రింగుల మీద పడే పక్క ఒత్తిడి రెండింతలవుతుంది. బరువు మీటరుకి మూడించులు 8.4 కిలోలు, రెండించులు 5, ఇంచు 2.4. ఈ పొడవుకి 38, 23, 11 కిలోలు. సామానుతో కలిపి 85 నుంచి 90 కిలోల మాస్ట్ అవుతుంది.

రాణిగంజ్‌లో పైపు, వైర్ రోప్, పుల్లీ, విన్చి అన్నీ నాలుగడుగుల దూరంలో దొరుకుతాయి. వెళ్లేటప్పుడు 79 మి.మీ. చెక్క బిళ్ల ఒకటి, 51 మి.మీ.ది ఇంకోటి చేయించి, పొడవాటి కర్రకి బిగించి పట్టుకెళ్లండి. కొనే ముందు పైపులోకి ఆ చివర నుంచి ఈ చివరికి తోసి చూడండి. ఈ పైపులన్నీ రేకు చుట్టి అతికినవి. లోపల అతుకు వెంట సన్నని గట్టు ఉంటుంది, అక్కడక్కడ జింకు కారి గడ్డ కట్టి ఉంటుంది. బిళ్ల ఎక్కడైనా ఆగితే ఇంకో పైపు తీయమనండి. నేల మీద దొర్లించి వంకర కూడా చూడండి. 15 అడుగుల్లో అర సెంటీమీటరు వంకర ఉన్నా రింగు బిగుసుకుంటుంది.

రింగులు లేత్ పని. బాలానగర్‌లో ఏ చిన్న వర్క్‌షాపులోనైనా చేస్తారు. నైలాన్ కాకుండా హెచ్‌డీపీఈ (గట్టి ప్లాస్టిక్) దిమ్మె తీసుకోండి. నైలాన్ తేమ పీల్చి ఉబ్బుతుంది. 80 మి.మీ. రింగుకి ఒక శాతం ఉబ్బు అంటే దాదాపు మిల్లీమీటరు. మేలో చక్కగా జారిన మాస్ట్ ఆగస్టులో దిగనంటుంది. మొత్తం నాలుగు రింగులు కావాలి. రెండో పైపు అడుగున బయటివైపు 79 మి.మీ. వ్యాసం, 75 మి.మీ. ఎత్తున్న రింగు. మొదటి పైపు నోట్లో లోపలివైపు 62 మి.మీ. రంధ్రం, 100 మి.మీ. ఎత్తున్న రింగు. అదే తీరులో మూడో పైపు అడుగున 51, రెండో పైపు నోట్లో 35.5. ఇవి పుస్తకపు కొలతల మీద వేసిన లెక్కలు, మీ పైపుని వెర్నియర్‌తో కొలిచాకే లేత్ మీదకి ఎక్కించమనండి. చుట్టూ ముప్పావు నుంచి ఒక మిల్లీమీటరు వదులు చాలు. 3 అడుగుల పట్టు మీద ఒక మి.మీ. వదులు 12 అడుగుల పైన 4 మి.మీ. అవుతుంది. దాంతో ఏ ఆంటెన్నాకీ ఇబ్బంది లేదు. నోటి రింగుల్లో రోప్ పోవడానికి 8 మి.మీ. వెడల్పు, 7 మి.మీ. లోతున్న గాడి తీయించడం మర్చిపోవద్దు. రింగులన్నిటినీ 6 మి.మీ. కౌంటర్‌సంక్ స్క్రూలతో బిగించాలి, తల బయటికి పొడుచుకు రాకూడదు.

ఇక రోప్ దారి. ముడిచి ఉన్నప్పుడు రెండో పైపు మొదటిదాని కన్నా 8 అంగుళాలు పైకి, మూడోది రెండోదాని కన్నా 8 అంగుళాలు పైకి తేలి ఉండాలి. పుల్లీలకి చోటు కావాలి మరి. 60 మి.మీ. బేరింగ్ పుల్లీని మొదటి పైపు నోటి పక్కన, 6 మి.మీ. ప్లేటు చెవుల మధ్య బిగించండి. పుల్లీ ఇరుసు మాస్ట్ నడిమధ్య నుంచి 65 మి.మీ. దూరంలో, పైపు అంచుకి పైన ఉంటే, రోప్ ఒక వైపు సరిగ్గా సందులోకి దిగుతుంది, ఇంకో వైపు బయట నుంచి విన్చికి వస్తుంది. పైపుకి కోత అక్కర్లేదు. లోపలికి దిగిన రోప్ రెండో పైపు అడుగుదాకా పోయి, అడుగు రింగుకి కాస్త పైన వేసిన 8 మి.మీ. రంధ్రంలోంచి లోపలికి దూరి, అడ్డంగా వేసిన 10 మి.మీ. బోల్టుకి లూపు వేసి ఫెర్రూల్ (లూపుని బిగించే లోహపు గొట్టం) నొక్కించాలి. రంధ్రం అంచుని గుండ్రంగా రాకి నున్నగా చేయకపోతే రోప్ పోగులు అక్కడే తెగుతాయి.

రెండో రోప్ విన్చికి రాదు. దాని ఒక కొన మొదటి పైపు నోటి దగ్గర కదలకుండా కట్టి ఉంటుంది. అక్కడి నుంచి పైకి వెళ్లి, రెండో పైపు నోటి పుల్లీ మీదుగా తిరిగి, సందులోంచి మూడో పైపు అడుగుకి దిగుతుంది. విన్చి రెండో పైపుని ఒక అడుగు లేపితే, ఈ రోప్ మూడో పైపుని రెండోదాని కన్నా ఇంకో అడుగు పైకి లాగుతుంది. అంటే రెండు పైపులూ ఒకేసారి లేస్తాయి. రెండో పుల్లీ ఇరుసు నడిమధ్య నుంచి 52 మి.మీ. ఉండాలి. రోప్ కొన కట్టే కన్ను దాని సరిగ్గా కింద, 82 మి.మీ. దూరంలో ఉండాలి. అది పక్కకి ఉంటే రోప్ పుల్లీ గాడి దాటి ఇరుసుకీ చెవికీ మధ్య ఇరుక్కుంటుంది. రెండు పుల్లీలనీ ఎదురెదురు వైపుల పెట్టండి.

విన్చి మీద పడే బరువు: రెండో పైపు సామానుతో 25 కిలోలు, మూడో పైపు ఆంటెన్నాతో 16 కిలోలు కానీ అది రెండింతల దూరం లేస్తుంది కాబట్టి 32. మొత్తం 57, రాపిడి కలిపితే 75 కిలోల దాకా. 4 మి.మీ. స్టీల్ రోప్ తెగే బరువు సుమారు 900 కిలోలు కాబట్టి రోప్‌కి దిగుల్లేదు. దిగులు విన్చితోనే. రాచెట్ పళ్లు మాత్రమే ఉన్న చవక విన్చి కొనొద్దు. దించాలంటే దాని పట్టు విప్పాలి, విప్పిన క్షణంలో చెయ్యి జారితే హ్యాండిల్ గిర్రున తిరిగి మణికట్టు విరుస్తుంది. వార్మ్ గేరుది (బరువు తనంతట తాను వెనక్కి తిప్పలేనిది) గానీ, వదిలితే తనంతట తాను ఆగే బ్రేకు ఉన్నది గానీ తీసుకోండి. డ్రమ్ము మీద ఎప్పుడూ మూడు చుట్లు మిగలాలి. అందుకు మొదటి రోప్ 11 మీటర్లు, రెండోది 5.5 మీటర్లు తెచ్చుకోండి.

అన్నిటికన్నా గట్టిగా చెప్పాల్సింది: రోప్ ఎత్తడానికే, నిలబెట్టడానికి పిన్ను. పూర్తిగా లేచినప్పుడు రెండో పైపు అడుగు డాబా నుంచి 12 అడుగుల ఎత్తులో ఉంటుంది. దానికి సరిగ్గా కింద మొదటి పైపులో అటూ ఇటూ రంధ్రం వేసి 16 మి.మీ. ఈఎన్8 (గట్టి రకం స్టీలు) రాడ్డు దూర్చండి, చివర స్ప్లిట్ పిన్ను వేయండి. విన్చిని అంగుళం వెనక్కి తిప్పితే రెండో పైపు ఆ రాడ్డు మీద కూర్చుంటుంది. ఎ-నిచ్చెన ఆరో అడుగు మీద నిలబడితే చెయ్యి అందుతుంది. మూడో పైపు బరువు రెండో రోప్ మీదే ఉంటుంది కాబట్టి ఆ రోప్‌ని 4 కాకుండా 5 మి.మీ. వేయించినా తప్పులేదు, సందులో పడుతుంది. గాడి మాత్రం ఒక మిల్లీమీటరు పెంచాలి.

జీఐ మీద వెల్డింగ్ చేసేటప్పుడు అతికే చోట చుట్టూ రెండంగుళాల మేర జింకు గ్రైండర్‌తో తీసేయాలి. లేకపోతే అతుకులో బుడగలు పడతాయి, పైగా ఆ తెల్ల పొగ పీలిస్తే రాత్రికి చలిజ్వరం వస్తుంది. గాలి ఆడే చోట, మాస్కుతో చేయాలి. అతికాక జింక్ రిచ్ పెయింట్ రెండు కోట్లు వేయాలి.

ఇప్పుడు నిలబెట్టే చోటు. దేశ గాలి వేగాల పటంలో హైదరాబాద్‌కి గాలి వేగం సెకనుకి 44 మీటర్లు, అంటే గంటకి సుమారు 158 కి.మీ. ఆ వేగంలో చదరపు మీటరుకి 118 కిలోల ఒత్తిడి. గుండ్రటి పైపు కాబట్టి ఈ మాస్ట్ మొత్తం మీద 105 కిలోల దాకా తోపు పడుతుంది, ఆంటెన్నా లెక్క వేరు. గై (మాస్ట్‌ని నలువైపులా లాగి పట్టే తాళ్లు) లేకుండా నిలబెడితే అడుగు దగ్గర పైపులో ఒత్తిడి చదరపు మి.మీ.కి 230 న్యూటన్లు చేరుతుంది. ఈ రకం స్టీలు వంగిపోయేది ఆ చుట్టుపక్కలే. పైగా 500 కిలోలు మీటరు దూరం నుంచి వేలాడినంత మెలి స్లాబు బోల్టుల మీద పడుతుంది. కాబట్టి గై తప్పదు.

మీ డాబా కొలత దీనికి బాగా కుదిరింది. నడిమధ్య నుంచి మూలకి 25 అడుగులు. కింది గై నాలుగు, మొదటి పైపు నోటి దగ్గర నుంచి మూలలకి, 4 మి.మీ. స్టీల్ రోప్, ఒక్కోటి 29 అడుగులు. మధ్యలో కరెంటు స్తంభాల స్టే వైరుకి వాడే గుడ్డు ఇన్సులేటర్ ఒకటి వేయండి. పై గై నాలుగు, రెండో పైపు నోటి దగ్గర నుంచి అవే మూలలకి, ఒక్కోటి 37 అడుగులు. వీటికి 8 మి.మీ. పాలిస్టర్ తాడు వాడండి. ఆంటెన్నా తీగ పక్కనే లోహం ఉండకూడదు. నీలం, పసుపు రంగుల్లో దొరికే ప్లాస్టిక్ తాడు మన ఎండకి రెండేళ్లు కూడా ఆగదు, పట్టుకుంటే పొడిపొడిగా రాలుతుంది. నైలాన్ సాగుతుంది.

పై గైని సరిగ్గా కొలిచి మూలలకి ముందే కట్టేయండి. మాస్ట్ ముడిచి ఉన్నప్పుడు అవి వదులుగా పడి ఉంటాయి, పూర్తిగా లేవగానే వాటంతట అవే బిగుస్తాయి. నాలుగు మూలల్లో నలుగురు తాడు వదులుతూ నిలబడాల్సిన పని లేదు. ఒక్కరు మాత్రం ఆ తాళ్లు నీళ్ల ట్యాంకు పైపుకో సోలార్ హీటరుకో చిక్కకుండా చూస్తుండాలి.

గైని పిట్టగోడకి కట్టొద్దు. నాలుగంగుళాల ఇటుక గోడ పక్కకి లాగితే ఏమాత్రం ఆగదు, ఊడితే వీధిలో పడుతుంది. పై అంతస్తు కోసమని పిల్లర్ చువ్వలు పైకి వదిలి ఉంటే అదృష్టమే. తుప్పు గీకేసి, వాటి చుట్టూ రెండడుగుల ఎత్తు 1:1½:3 కాంక్రీటు పోసి, అందులో 16 మి.మీ. రాడ్డుతో చేసిన యూ కొక్కెం పాతించండి. ఏడు రోజులు తడిపి, నెల తర్వాతే లాగాలి. టర్న్‌బకిల్ (తిప్పితే తాడు బిగువు సర్దేది) రెండు వైపులా మూసిన కన్నులున్నది కొనండి, కొక్కెం ఉన్నది లాగితే విచ్చుకుంటుంది. బిగించాక తిరగకుండా తీగ చుట్టండి. రోప్ లూపుకి థింబుల్ (లూపు నలగకుండా లోపల పెట్టే లోహపు గాడి) పెట్టి మూడు క్లాంపులు, ఒక్కోదానికీ మధ్య 25 మి.మీ. క్లాంపు పట్టీ బరువు మోసే తాడు వైపు ఉండాలి, యూ బోల్టు తెగ్గోసిన కొన వైపు ఉండాలి. సగం మంది దీన్ని తిరగేసి వేస్తారు, బరువు తాడు యూ బోల్టు కింద నలిగి అక్కడే తెగుతుంది.

అడుగు ప్లేటు బీము మీద రావాలి. నడిమధ్య బీము లేకపోతే దగ్గరున్న బీము మీదకి జరిపి తాళ్ల కొలతలు మళ్లీ వేసుకోండి. 75 మి.మీ. చానెల్‌తో ఆరడుగుల కూడిక గుర్తు ఆకారంలో ఫ్రేము చేయించి, కింద రబ్బరు షీటు పరిచి, నాలుగు కాళ్ల మీద కాంక్రీటు దిమ్మెలు పెడితే స్లాబుకి డ్రిల్ పెట్టే పని లేదు, వాటర్‌ప్రూఫింగ్ పాడవదు. నడుమ 10 మి.మీ. ప్లేట్లు రెండు నిలబెట్టి, 20 మి.మీ. బోల్టుతో మాస్ట్ అడుగుని గేటు బందులా తిరిగేట్టు బిగించండి. ఆ బోల్టు ఒక కర్ణం వెంట, ఎదురెదురు మూలల వైపు చూస్తూ ఉండాలి. అప్పుడు మాస్ట్‌ని పడుకోబెట్టి లేపేటప్పుడు ఆ రెండు మూలల గై బిగువు మారదు, మాస్ట్ పక్కకి ఒరగదు. కొక్కేల ఎత్తూ బోల్టు ఎత్తూ ఒకటే ఉంటేనే ఇది పనిచేస్తుంది. పడుకోబెట్టే వైపు గోడ దాకా 18 అడుగుల చోటుంది, ముడిచిన మాస్ట్ 16 అడుగుల పైచిలుకు, సరిపోతుంది.

లేపేది పొద్దున్నే, గాలి లేనప్పుడు. ముందు ముడిచిన మాస్ట్‌ని ముగ్గురు కలిసి నిలబెట్టి కింది గై నాలుగూ బిగించాలి. మేస్త్రీ తూకపు గుండు తెచ్చి రెండు వైపుల నుంచి చూడాలి. నిటారుగా లేకపోతే పైపు జారదు. తర్వాతే విన్చి. నోటి రింగు దగ్గర చెయ్యి పెట్టి పైపుని సర్దే అలవాటు వద్దు, రోప్ తెగితే వేళ్లు పోతాయి. 3 అడుగుల పట్టు మిగిలే చోట రెండో పైపు మీద ఎర్ర రంగు పట్టీ వేసుకోండి. అది కనబడగానే ఆపాలి, లేకపోతే అడుగు రింగు నోటి రింగుని పొడిచి ఇరుక్కుంటుంది.

దించేటప్పుడే అసలు ప్రమాదం. రోప్ పైకి లాగుతుందే తప్ప కిందికి నెట్టదు. మూడో పైపు ఎక్కడైనా బిగుసుకుంటే రెండో పైపు మాత్రం దిగుతుంటుంది, రెండో రోప్ వదులై వేలాడుతుంది. ఆ తర్వాత చిన్న కుదుపుకి 16 కిలోల పైపు ఒక్కసారిగా కిందికి జారి రోప్‌ని తెంపుతుంది. అందుకే విన్చి తిప్పేవారు కాక ఇంకొకరు రెండో రోప్‌నే చూస్తుండాలి. వదులు కనబడగానే ఆపి, మళ్లీ అడుగు లేపి, నిటారు సరిచూసి దించాలి.

ఇన్వర్టెడ్ వీ కాళ్లు ఒక్కోటి 10.2 మీటర్లతో మొదలుపెట్టి కత్తిరించుకుంటూ రండి. కొనలు నేరుగా మూల కొక్కేలకి దించితే మధ్య కోణం 65 డిగ్రీలకి కుంచించుకుపోతుంది, అది మరీ ఇరుకు. రెండు ఎదురు మూలల్లో 18 అడుగుల వెదురు నిలబెట్టి దాని కొసకి కడితే 100 డిగ్రీల దాకా వస్తుంది. ఇంటి ఎత్తుతో కలిపి పై కొన నేల నుంచి 21 మీటర్ల దగ్గర పడుతుంది, 7.1 మెగాహెర్ట్జ్‌కి అది అర తరంగం. దూరపు స్టేషన్లకి ఇంతకన్నా మంచి ఎత్తు ఇంటి మీద దొరకదు.

మూడో పైపుకి గై లేదు కాబట్టి నెత్తిన 5 కిలోలు దాటకూడదు. చిన్న వర్టికల్‌తో గంటకి 90 కి.మీ. గాలి తట్టుకుంటుంది, 158 తట్టుకోదు. గాలి వేగం సగమైతే ఒత్తిడి నాలుగో వంతే, కాబట్టి దించడమే రక్షణ. ఏప్రిల్ నుంచి జూన్ దాకా సాయంత్రం ఈదురుగాలి ఎప్పుడు లేస్తుందో తెలియదు. ఊరెళ్లేటప్పుడు దించి వెళ్లండి. ఉరుము వినబడ్డాక మాస్ట్ ముట్టుకోవద్దు.

ఎర్తింగ్‌కి 25 బై 3 మి.మీ. జీఐ పట్టీని అడుగు నుంచి నేరుగా కిందికి, వంపులు తక్కువగా, ఎర్త్ పిట్ దాకా దించి ఇంటి ఎర్త్‌తో కలపండి. ఇక్కడ చాలాచోట్ల నాలుగడుగులు తవ్వితే రాయి తగులుతుంది. లోతుకి పోలేకపోతే రెండు మూడు రాడ్లు దూరం దూరంగా పాతి పట్టీతో కలపాలి. వీధి వైపు 11 కేవీ లైను ఉంటే మాస్ట్ గానీ ఆంటెన్నా తీగ గానీ తెగి పడినా అందనంత దూరం ఉండాలి. అంత చోటు లేకపోతే మాస్ట్ ఎత్తు తగ్గించుకోండి, వేరే దారి లేదు. విమానాశ్రయ అథారిటీ రంగుల మండలాల పటంలో మీ చోటికి ఎంత ఎత్తు అనుమతో కూడా చూడండి. అందులో ఎత్తులు సముద్రమట్టం నుంచి ఉంటాయి, మన నేలే సుమారు 500 మీటర్ల ఎత్తున ఉంది, అది కలిపి లెక్కేయాలి.

మొదటి పైపు అడుగున 10 మి.మీ. నీటి రంధ్రం, మూడో పైపు నెత్తికి మూత తప్పనిసరి. ఏడాదికోసారి, వానలకి ముందు, రెండు రోప్‌లనీ పాత గుడ్డతో పట్టుకుని పొడవునా తుడవండి. తెగిన పోగు ఉంటే గుడ్డకి గుచ్చుకుంటుంది. పుల్లీ మీద వంగే భాగంలో ఒక్క పోగు తెగి కనబడినా రోప్ మార్చేయండి.